గాలికి తిరగని క్రేన్

లిఫ్టు ముప్పై ఆరో అంతస్తుకి చేరేలోపే సీఐ ఉమాశంకర్ కేసంతా చెప్పేశాడు. ఎక్కడా తడుముకోలేదు. రెండు రోజుల కేసు ఇంత నున్నగా ఉండకూడదే అనుకుంది రోజారమణి.

"శుక్రవారం పొద్దున్న పదకొండు ప్రాంతంలో గాజులు పోయాయి. రవ్వల గాజులు, జత. ఆ టైముకి ఇంట్లో ఉన్నది పక్షవాతం వచ్చిన పెద్దావిడ, ఆవిణ్ణి చూసుకునే నర్సమ్మాయి. అంతే. అదే పూట పక్క టవర్లో క్రేన్‌కి గ్రీజు పెట్టడానికొచ్చిన కుర్రాడు మాయం. ఫోన్ స్విచాఫ్. ఆ క్రేన్ కేబిన్‌లో కూర్చుంటే ఈ ఫ్లాటు బాల్కనీ తిన్నగా కనబడుద్ది. పిల్ల అందించింది, పిల్లోడు పట్టుకుపోయాడు. ఇంకేం కావాలి మేడమ్?"

"ఆ కుర్రాడు కావాలి," అంది రోజారమణి.

ఆమెకి యాభై దాటాయి. పద్దెనిమిదేళ్లు ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టాల మీద విచారణ చేసింది. కాలిన గోడౌన్లు, మునిగిన పడవలు, కూలిన షెడ్లు చూసీ చూసీ ఉద్యోగం మానేసి, వన్ టౌన్లో మిరపకాయల హోల్‌సేల్ కొట్టు పైన గది తీసుకుంది. ఆ గదికొచ్చినవాళ్లు ముందు రెండు తుమ్ములు తుమ్మి ఆ తర్వాతే కష్టం చెప్పుకుంటారు. నిన్న గాజువాక నుంచి వచ్చిన వరహాలమ్మ కూడా తుమ్మింది. కష్టం చెప్పడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

"నా కొడుకు దొంగ కాదని నాను సెప్పనమ్మా. ఏ తల్లైనా అలాగే సెప్తాది," అంది చివరికి. "శుక్రవారం రేత్రికి సేపల పులుసు ఎట్టమన్నాడు. ఎట్టాను. ఆడు రానేదు. పులుసెట్టమని సెప్పీసి పారిపోయీవోడు ఉంటాడా, నువ్వే సెప్పు."

ఆమె కొడుకు సత్యం. వరుణ శిఖర రెండో టవర్లో క్రేన్ నడిపేవాడు. ఊళ్లో ఎక్కణ్ణుంచి చూసినా మొదట కంటబడేది వరుణ శిఖరే. పోర్టులోకొచ్చే ఓడల మీంచీ, సింహాచలం కొండ మీంచీ కూడా అదే. ఈ లిఫ్టున్న మొదటి టవర్లో జనం కాపురాలుంటున్నారు. రెండోది భాగస్తుల తగాదాతో ఐదు నెలలుగా ఆగిపోయింది. పైన క్రేన్ అలాగే ఉండిపోయింది. దాని బాగోగులు చూడ్డానికి వారానికోసారి, శుక్రవారం నాడు, సత్యం ఒక్కడే ఎక్కుతాడు. "మా డాబా మీంచి కనబడతాది. అదిగో, ఆ పొడుగు మేడ పక్కన కొంకిలా ఉందే, అది మావోడి బండి అని అందరికీ సూపిత్తాను," అంది వరహాలమ్మ.

ఆవిడ ఇప్పుడు కింద గేటు దగ్గర కూర్చుని ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

రోజారమణి తన పాత కంపెనీకి ఫోన్ చేసి, గాజుల క్లెయిమ్ తనే చూస్తానని అడిగి తీసుకుంది. లేకపోతే ఈ లిఫ్టు దాకా కూడా వచ్చేది కాదు. ఆ సంగతి ఉమాశంకర్‌కీ తెలుసు.

"గోడౌన్ కేసులో నన్ను కోర్టులో నిలబెట్టారు. ఇక్కడ కుదరదు," అన్నాడు లిఫ్టు తలుపులు తెరుచుకుంటుంటే.

"ఆ గోడౌన్ దాని యజమానే తగలబెట్టుకున్నాడు. మీరు వాచ్‌మన్‌ని లోపలేశారు."

"అది ఇంకా పై కోర్టులో ఉంది."

"వాచ్‌మన్ బయట ఉన్నాడు. నాకది చాలు."

ఫ్లాటు యజమాని తిరుమలరావు తలుపు తీశాడు. కాకినాడ నుంచి వచ్చి పోర్టులో షిప్పింగ్ ఏజెన్సీ పెట్టి పైకొచ్చిన మనిషి. రెండు రోజులుగా నిద్ర లేనట్టుంది. "సాయంత్రం లోపు ఏదో ఒకటి తేల్చేయండి మేడమ్. కింద పోలీసు జీపు చూసి, ఫ్లాట్లు చూడ్డానికొచ్చినవాళ్లు వెనక్కెళ్లిపోతున్నారంటూ అసోసియేషన్ వాళ్లు గోల పెడుతున్నారండి."

"గాజులు ఆఖరిసారి మీరెప్పుడు చూశారు?"

"గురువారం సాయంత్రం. బిల్డరు వాళ్లు బ్రోషర్ కోసం మా ఇంట్లో ఫొటోలు తీశారు. మూడు తరాలు ఒకే కప్పు కింద అని." ఫోన్ తీసి చూపించాడు. బాల్కనీలో కుటుంబమంతా నవ్వుతోంది. మధ్యలో చక్రాల కుర్చీలో వాళ్లమ్మ రామలక్ష్మమ్మ, పట్టుచీరలో. కుడిచేతికి గాజులు.

రోజారమణి ఫొటోని పెద్దది చేసి ఆ కుడిచేతిని చూసింది. గాజులకి అటూ ఇటూ చర్మం ఉబికి ఉంది. అందరూ నవ్వుతున్న ఫొటోలో ఆ పెద్దావిడ ఒక్కతే నవ్వడం లేదు. వాళ్ల వెనకాల పక్క టవరు క్రేన్, చెయ్యి సముద్రం వైపు చాపుకుని కనిపించింది.

"ఈ ఫొటో నాకు పంపండి," అంది.

నర్సమ్మాయి వంటగదిలో స్టూలు మీద కూర్చుని ఉంది. పాతికేళ్లు కూడా ఉండవు. పక్కన గట్టు మీద అన్నం పళ్లెం, వడ్డించింది వడ్డించినట్టే ఉంది. ఉమాశంకర్ ఆమె ఫోన్ తీసేసుకుని, ఇల్లు దాటి వెళ్లకూడదని చెప్పాడు. ఫ్లాటు తలుపుకి తిరుమలరావు బయటినుంచి తాళం కూడా వేయిస్తున్నాడు.

"పేరేంటమ్మా?"

"అలేఖ్యండి."

"తినలేదేం?"

"ఆకలి లేదండి."

"ఎప్పట్నుంచి?"

గుమ్మంలోంచి తిరుమలరావు చెప్పాడు, శుక్రవారం మధ్యాహ్నం నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదని. "తప్పు చేసినవాళ్లకి ముద్ద దిగదు," అన్నాడు ఉమాశంకర్.

"సత్యం నీకు ఎన్నాళ్లుగా తెలుసు?" అనడిగింది రోజారమణి.

అమ్మాయి తలెత్తింది. "సత్యం ఎవరండి?"

"చూశారా? శుక్రవారం నుంచీ ఆ క్రేనోడెవడని అడుగుతుంటే ఇదే పాట," అన్నాడు ఉమాశంకర్.

రోజారమణి వేలమంది అబద్ధాలు విన్న మనిషి. దాచిపెట్టే పేరు చెవిన పడితే మనిషి ముఖం తలుపేసుకుంటుంది. ఈ పిల్ల ముఖం అలా మూసుకోలేదు. తెలిసిన పేర్లన్నీ వెతుక్కుని ఖాళీగా తిరిగొచ్చింది.

"ఎదురుగా క్రేన్ నడిపే అబ్బాయి. అతని పేరు సత్యం," అంది నెమ్మదిగా.

అలేఖ్య చేతులు ఒళ్లో కదలకుండా ఆగిపోయాయి. తల దించుకుంది. పెదవులు మాత్రం ఒకసారి కదిలాయి, శబ్దం లేకుండా. ఆ పేరే పలికి చూసుకుందని రోజారమణికి అర్థమైంది.

"ఇంకేం, తెలుసన్నమాట," అన్నాడు ఉమాశంకర్.

"మనిషి తెలుసు. పేరు ఇప్పుడే తెలిసింది. రవ్వల గాజులు చేతిలో పెట్టి పంపినవాడి పేరు తెలియకుండా ఉంటుందా సీఐ గారూ? ఇద్దరి ఫోన్లూ చూశారుగా, ఒక్క కాల్ ఉందా?"

"లేదు. అందుకే నాకింకా అనుమానం."

"కాల్ ఉన్నా అనుమానమే, లేకున్నా అనుమానమే."

ఆమె బాల్కనీలోకి నడిచింది. పొద్దున్న నుంచీ ముసురుకున్న మబ్బు ఇంకా కురవలేదు గాని గాలి మాత్రం పెరుగుతోంది. దండెం మీద బట్టలు రైలింగు దాటి సముద్రం వైపుకి ఎగురుతున్నాయి. బంగాళాఖాతంలో వాయుగుండం రాత్రికి తీరం దగ్గరికొస్తుందని, పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారని కారు రేడియోలో విన్నది గుర్తొచ్చింది.

రామలక్ష్మమ్మ చక్రాల కుర్చీలో అక్కడే ఉంది. ఒళ్లో దుప్పటి. రోజారమణి ముందు నేల చూసింది. తెల్లటి పలక మీద ఎండిపోయిన నూనె చుక్క. కుర్చీ చక్రం పక్కన ఒకటి, రైలింగు వైపు ఇంకొకటి. రైలింగు అద్దం పైఅంచున, కూర్చున్న మనిషి చెయ్యి చాపితే అందే ఎత్తులో, నాలుగు వేళ్ల జిడ్డు మరక. వేలితో తుడిచి వాసన చూసింది. కొబ్బరినూనె.

"ఫొరెన్సిక్ వాళ్లు వేలిముద్రలు తీసింది బీరువా మీదేనా?" అనడిగింది.

"గాజులు బాల్కనీలో ఎవరు పెట్టుకుంటారు?" అన్నాడు ఉమాశంకర్.

రోజారమణి కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, "పెద్దమ్మగారూ," అంది.

"అమ్మకి ఏమీ తెలియదండి," తిరుమలరావు వెనకనుంచి అన్నాడు. "ఆ స్ట్రోకు వచ్చాక ఒక్క మాటే మిగిలింది. ఏది అడిగినా రేపు అంటుంది."

"గాజులెక్కడని అడిగారా?"

"ఎవర్ని?"

"అమ్మగారిని."

తిరుమలరావు తల్లి వైపు చూశాడు.

రోజారమణి దుప్పటి కాస్త తొలగించింది. చచ్చుబడిన కుడిచెయ్యి వాచి ఉంది. మణికట్టు చుట్టూ రెండు వలయాలు, కందిపోయి, ఒకచోట చర్మం చిట్లి. ఆమె ఆవిడ ఎడమచేతిలో తన వేలు పెట్టింది. "నా పేరు రోజారమణి. అవునైతే నా వేలు నొక్కండి. కాదంటే వదిలెయ్యండి. సరేనా?"

వేలు మీద ఒత్తిడి పడింది.

"గురువారం ఫొటో కోసం ఆ గాజులు ఎక్కించారు. నొప్పెట్టిందా?"

చాలా గట్టిగా నొక్కింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "రేపు," అంది.

"శుక్రవారం ఈ అమ్మాయి నూనె రాసి తీసిందా?"

నొక్కింది.

"తీసి పట్టుకుపోయిందా?"

ఆవిడ వేలు వదిలేసింది. "రేపు, రేపు," అంది, చీత్కారంగా. ఆ ఒక్క మాటలోనే ఎన్ని తిట్లు పట్టాయో అక్కడున్న అందరికీ తెలిసింది.

"మరి గాజులేమయ్యాయి?"

రామలక్ష్మమ్మ ఒకసారి కొడుకుని చూసింది. తర్వాత ఎడమచెయ్యి మెల్లగా ఎత్తి, రైలింగు అంచు మీదుగా చాపి, వేళ్లు విప్పేసింది. "రేపు," అంది మళ్లీ. ఈసారి మాటలో ఏ విచారమూ లేదు. ఒక పని పూర్తి చేసిన తృప్తే ఉంది.

ఉమాశంకర్ రైలింగు మీంచి కిందికి తొంగిచూశాడు. తర్వాత ఫోన్ తీసి, కింద ఉన్న కానిస్టేబుల్‌కి, ఈ బాల్కనీకి సరిగ్గా దిగువన ఉన్న కాగితంపూల పొద వెతకమని చెప్పాడు.

ఆ వెతుకులాట సాగుతుండగా అలేఖ్య నోరు విప్పింది. వంటగది గుమ్మం పట్టుకుని నిలబడే చెప్పింది.

"నాను తువ్వాలు తేడానికి లోపలికెళ్లానండి. గుమ్మంలోకి ఒచ్చీసరికి మామ్మగారు ఇసిరీసారు. పోయిన నెల్లో స్టీలు గ్లాసు ఇసిరీసినప్పుడు అయ్యగారు అన్నారు కదండి, ఇంకోసారి ఇలాగైతే ఐద్రాబాద్‌లో హోమ్‌లో ఎట్టీద్దాం అని. అక్కడ ఈవిడ రేపు అంటే అది ఏ రేపో ఎవరికి తెలుత్తాదండి? ఆకలేసిన రేపు వేరు, నొప్పెట్టిన రేపు వేరు. అందుకే ఊరుకున్నాను."

తిరుమలరావు నేల మీద కూలబడ్డాడు. తల్లి కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుని, ఆ వలయాల మీద బొటనవేలితో రాస్తూ, "నొప్పెడుతోందని ఒక్కసారి..." అని ఆగిపోయాడు. చెప్పలేని మనిషిని చెప్పలేదేమని అడగబోయానని అప్పుడు తెలిసొచ్చినట్టుంది. రామలక్ష్మమ్మ ఎడమచెయ్యి కొడుకు తల మీద పెట్టింది. "రేపు," అంది, చంటిపిల్లాణ్ణి జోకొట్టినట్టు.

ఉమాశంకర్ ఫోన్ మోగింది. విని, జేబులో పెట్టుకున్నాడు. "దొరికాయి. ఒకటి వంకరపోయింది." రోజారమణి వైపు తిరిగి, "సరే. దొంగతనం లేదు. మరి ఆ కుర్రాడెందుకు పారిపోయాడు?"

"పారిపోయాడని ఎవరన్నారు?"

"వాచ్‌మన్ అతను లోపలికెళ్లడం చూశాడు, బయటికి రావడం చూళ్లేదు. వెనక కంచె తెగి ఉంది. క్రేన్ నిచ్చెన గేటుకి తాళం వేసి ఉంది. పైన లేడు."

"తాళం ఏ వైపు నుంచి?"

ఉమాశంకర్ ఫోన్లో ఆ గేటు ఫొటో తీసి చూశాడు, తాళం లోపలి వైపునే ఉంది.

"శుక్రవారం సాయంత్రం మీరిక్కడ తీసిన ఫొటో ఒకటి చూపించండి," అంది రోజారమణి.

ఆయన ఫోన్ ఇచ్చాడు. బాల్కనీ, ఖాళీ కుర్చీ, వెనకాల ఆకాశం. ఫొటో పై అంచున క్రేన్ చెయ్యి, ఈ టవరు కప్పు మీదుగా అడ్డంగా. రోజారమణి తలెత్తి చూసింది. ఇప్పుడూ అదే చెయ్యి, అదే చోట. దాని కిందనే, బాల్కనీకి కొంచెం పైగా, దుమ్ముపట్టిన అద్దాల కేబిన్ సూటిగా తమ వైపు చూస్తోంది. కేక వేస్తే గాలి మింగేసేంత దూరం.

ఆమె దండెం వైపు తిరిగింది.

"సీఐ గారూ, ఆ బట్టలు చూడండి, ఎటు ఎగురుతున్నాయో. శుక్రవారం గాలి సముద్రం నుంచి వచ్చింది. ఈ పొద్దున్న నుంచి కొండ వైపు నుంచి వస్తోంది. గాలి పూర్తిగా తిరిగిపోయింది. క్రేన్ తిరగలేదు."

"ఆగిపోయిన క్రేన్ ఎందుకు తిరుగుద్ది?"

"ఆగిపోయింది కాబట్టే తిరగాలి. పని లేనప్పుడు దానికి బ్రేకు వెయ్యరు. గాలి ఎటు తోస్తే అటు తిరగనిస్తారు, అందుకే గాలివానలో నిలబడగలుగుతుంది. బ్రేకు వేసి ఉంచిన క్రేన్ ఒకటి తుఫానుకి కూలిపోతే ఆ నష్టం విచారించింది నేనే. ఇది కూలితే..." మాట పూర్తి చెయ్యలేదు. ఆ ఇనప చెయ్యి ఎవరి నెత్తి మీద ఉందో అందరికీ కనబడుతూనే ఉంది.

తర్వాత అలేఖ్య వైపు తిరిగింది. "నువ్వు రెండు రోజులుగా అన్నం తినంది అతను తినలేదనేనా?"

అలేఖ్య ముఖం రెండు చేతుల్లో దాచుకుంది. ఏడుపు ఆపుకుంటూ, ముక్కలు ముక్కలుగా చెప్పింది.

మొదట్లో ఆ క్రేన్ ఎక్కడో కింద ఉండేదట. పక్క టవరు అంతస్తు తర్వాత అంతస్తు లేచేకొద్దీ అదీ పైకొచ్చింది. ఒకరోజు మామ్మగారికి ఎండ చూపిద్దామని బాల్కనీ తలుపు తీస్తే ఎదురుగా అతనున్నాడు. ముందు మామ్మగారికే చెయ్యి ఊపాడు. మామ్మగారు తిరిగి ఊపింది, స్ట్రోకు వచ్చాక మొదటిసారి. అక్కణ్ణుంచి చేతులతోనే మాట్లాడుకున్నారు. నిద్రపట్టిందా, అన్నం తిన్నావా, వాన వస్తోంది బట్టలు తియ్యి. పెద్దావిణ్ణి వదిలి ఈమె కిందికి వెళ్లలేదు. సాయంత్రమైతే అతను వెళ్లిపోతాడు. పని ఆగిపోయాక శుక్రవారాలు మాత్రమే మిగిలాయి.

"గాజులు ఇసరడం ఆయన సూసారండి. సెప్పొద్దని నాను నోటి మీద వేలెట్టాను. పోలీసులొచ్చి నన్ను ఇక్కడే ఉంచీసారు. బయం వేసి ఇక్కడే నిలబడి ఏడిసీసాను. అప్పట్నుండి ఆయన దిగలేదు. దిగితే పట్టుకుంటారని నాను సెప్పలేదు. నా కోసమే ఆ కేబిన్ ఇటు తిప్పి ఉంచారనుకున్నాను. అది పడిపోతాదని నాకు తెలీదండి."

"నలుగురు కానిస్టేబుళ్లని ఎక్కిస్తాను," అన్నాడు ఉమాశంకర్.

"ఈ గాలిలో ఎక్కేసరికి చీకటి పడుతుంది. బ్రేకు దగ్గర ఉన్నది అతనే. అతనికి చెప్పగలిగింది ఈ అమ్మాయే."

అలేఖ్య రైలింగు దగ్గరికెళ్లి చున్నీ విప్పి గాలిలో ఊపింది. కేబిన్‌లో, అద్దం వెనక, ఒక తల మెల్లగా పైకి లేచింది. గడ్డం పెరిగిన ముఖం. ఉమాశంకర్ చిన్నగా నిట్టూర్చాడు. రెండు రోజులుగా ఊరూరా, రైలు స్టేషన్లలో వెతికిస్తున్న మనిషి ఇదిగో, ఎదురుగానే.

ఆమె చేతులు కదిలాయి. చుట్టూ తిప్పి చూపించింది, కిందికి చూపించింది. దిగిపో, వదిలెయ్. కేబిన్‌లోని మనిషి తల అడ్డంగా ఊపాడు. పిడికిలి బిగించి, మణికట్టు తిప్పి చూపించాడు. ఒకసారి, రెండుసార్లు.

"తాళం అంటన్నారు," అంది అలేఖ్య. "నన్నింకా తాళం వేసి ఉంచారా అని అడుగుతన్నారు."

అందరూ ఉమాశంకర్ వైపు చూశారు. ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత టోపీ తీసి తిరుమలరావు చేతిలో పెట్టి, ఆయన దగ్గర తలుపు తాళంచెవి తీసుకుని, బాల్కనీ అంచున నిలబడి దాన్ని ఎత్తి చూపించాడు. చూపించి అలేఖ్య అరచేతిలో పెట్టాడు. ఎందుకైనా మంచిదని రెండు చేతులూ జోడించి ఒక దండం కూడా పెట్టాడు. పోలీసు యూనిఫాం వేసుకున్నాక ఆయన అలా దండం పెట్టడం రోజారమణి ఎప్పుడూ చూడలేదు.

కేబిన్‌లోని మనిషి దండానికి దండం పెట్టాడు. మళ్లీ పిడికిలి బిగించి మణికట్టు తిప్పాడు. ఆ తర్వాత కిందికి వంగి కనబడకుండా పోయాడు.

వాన మొదలైంది. తిరుమలరావు తల్లి కుర్చీని లోపలికి లాగబోతే ఆవిడ చక్రం పట్టుకుని వదల్లేదు. ఆయనే గొడుగు తెచ్చి పక్కన నిలబడ్డాడు. ఒక పెద్ద గాలి కొట్టినప్పుడు పైనుంచి ఇనుము మూలిగిన చప్పుడు వచ్చింది. అలేఖ్య రోజారమణి చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నట్టు ఆమెకే తెలియదు.

ఎంతసేపో గడిచాక ఆ ఇనప చెయ్యి వణికింది. వణికి, మెల్లగా, బద్ధకంగా, టవరు కప్పు మీంచి పక్కకి జరిగింది. గాలి దాన్ని తోసుకుంటూ పోయింది. కేబిన్ కూడా దాంతో పాటు తిరిగి, అతని ముఖం వాళ్లకి కనబడకుండా పోయింది. చెయ్యి చివరికి సముద్రం వైపు చాపుకుని నిలబడింది, గురువారం నాటి ఫొటోలోలాగే.

"రేపు," అంది రామలక్ష్మమ్మ. చాలా నెమ్మదిగా, ఊపిరి వదిలినట్టు.

సత్యం క్రేన్ నిచ్చెన దిగి, పక్క టవరు పైకప్పు మీదికొచ్చి, అక్కణ్ణుంచి మెట్లన్నీ దిగాలి. వాళ్లు లిఫ్టులో కిందికొచ్చి, సగంలో ఆగిన టవరు మెట్ల దగ్గర నిలబడి ఎదురుచూశారు. వరహాలమ్మని రోజారమణే చెయ్యి పట్టుకుని గేటు లోపలికి తీసుకొచ్చింది.

సత్యం గోడ పట్టుకుంటూ దిగాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. వేళ్ల కణుపులు చితికి నెత్తురు గడ్డకట్టి ఉన్నాయి. వరహాలమ్మ కొడుకు వీపు మీద ఒకటి చరిచి, చరిచిన చోటే నిమిరింది. "పులుసు పారబోసీసాను. మల్లీ ఎడతాను, పద," అంది.

అలేఖ్య నాలుగడుగుల దూరంలో నిలబడిపోయింది. అంత ఎత్తున, ఆకాశం మధ్యలో అంత ధీమాగా మాట్లాడుకున్న ఇద్దరూ నేల మీద తలెత్తలేకపోయారు. ముందు ఆమే అంది, "సత్యం గారూ, కూర్చోండి. కాళ్లు వణుకుతన్నాయి."

అతను తన పేరు ఆమె నోట విని ఉలిక్కిపడి, నిజంగానే మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె తెచ్చిన సీసాలో నీళ్లు తాగి, సగం ఆమెకిచ్చాడు.

ఉమాశంకర్ దగ్గరికొచ్చాడు. గొంతులో పోలీసు కరుకుదనం లేదు. "ఆ అమ్మాయి కోసం ఉన్నావు, బాగానే ఉంది. కాని ఆ బ్రేకు బిగించడం ఏంటయ్యా? పడితే ఆ పిల్ల నెత్తి మీదే పడేది కదా."

సత్యం తలెత్తి ఆయన్ని చూశాడు. తర్వాత రోజారమణిని చూశాడు.

"బ్రేకు నాను బిగించలేదండి," అన్నాడు.

సత్యం పైకి, క్రేన్ వైపు చెయ్యి చూపించాడు.

"శుక్రవారం నాను ఎక్కీసరికే బిగించీసి ఉంది. లివరుకి బోల్టులు కొట్టీసి, దాని చుట్టూ ఇనప తీగ చుట్టీసారు. ఫోన్ చేద్దారని తీత్తే చెయ్యి జారి కిందడిపోనాది. ఈలోగా పోలీసులొచ్చీసారు. దిగీసి సెప్తే నన్నెవుడు నమ్ముతాడు? నన్ను స్టేషన్లో కూర్చోబెట్టీలోగా గాలొచ్చీసుంటే, ఆవిడ అక్కడే కదా ఉన్నాది. అందుకే ఉండిపోనాను. స్పానరుతో తిప్పుతున్నానని ఆవిడికి చేత్తో సూపిత్తనే ఉన్నాను."

అలేఖ్య అతని చితికిన వేళ్ల వైపు చూసి, మెల్లగా తన పిడికిలి బిగించి మణికట్టు తిప్పి చూసుకుంది. తాళం కాదు.

సత్యం తడిసిన జేబులోంచి ఒక బోల్టు తీసి రోజారమణి అరచేతిలో పెట్టాడు. "ఆఖరిది. ఇందాకే ఊడిపోనాది."

ఆమె దాన్ని ఫోన్ వెలుగులో తిప్పి చూసింది. ఐదు నెలలుగా ఉప్పుగాలికి వదిలేసిన క్రేన్ మీద తుప్పు పట్టని ఇనుము ఉండదు. ఈ బోల్టు మాత్రం మరలన్నీ నిగనిగలాడుతూ, కొట్లోంచి నిన్న మొన్న తెచ్చినట్టుంది. ఆమె దాన్ని ఉమాశంకర్‌కి అందించింది.

ఆయన కూడా తిప్పి చూశాడు. తలెత్తి, వానలో ఒక్కొక్క కిటికీగా దీపాలు వెలుగుతున్న ముప్పై ఆరు అంతస్తులనీ చూశాడు.

"వాయుగుండం వస్తుందని వార్త వచ్చింది ఎప్పుడు మేడమ్?" అనడిగాడు.

"గురువారం సాయంత్రం," అంది రోజారమణి. "ఆ ఫొటోలో క్రేన్ ఇంకా సముద్రం వైపే ఉంది, బోల్టులు ఆ రాత్రే బిగించారు."